సున్నా పెట్టిన శుక్రవారం

నా పరిశోధన గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు చిరాకే. ఫిజిక్స్ చదివిన దానివి, అమ్మోనియా సంగతి నీకెందుకు, కెమిస్ట్రీ వాళ్లు లేరా అని ఒకరు అడుగుతారు. ఆప్టికల్ ఫైబర్ అంటే ఇంటర్నెట్ వైరే కదా అని ఇంకొకరు. అవును, అలాంటి తీగే. కుట్టుదారమంత లావున్న గాజుపోగు. ఒక కొసన వెలుగు పంపితే రెండో కొసన బయటికి వస్తుంది. మధ్యలో అంగుళం మేర పైపొర గీకేసి, అక్కడ ఒక రంగు పూస్తాం. మామూలుగా అది పసుపు పచ్చగా ఉంటుంది. అమ్మోనియా తగిలితే ఊదాకు తిరుగుతుంది. అలా తిరిగిన రంగు కొంత వెలుగును అక్కడే మింగేస్తుంది. అవతలి కొసన వెలుగు ఎంత తగ్గిందో చూస్తే గాలిలో అమ్మోనియా ఎంత ఉందో తెలిసిపోతుంది. కరెంటు ఉండే పెట్టె దూరంగా ఇంకో గదిలో ఉంటుంది కాబట్టి గ్యాసు ఉన్న చోట నిప్పురవ్వ భయం ఉండదు. చెప్పుకోవడానికి ఇంతే. దీని మీద నేను నాలుగేళ్లు పెట్టాను.

ఆ అంశం ఎంచుకోవడానికి కారణం మా నాయన. మాది సేద్యం చేసే కుటుంబం. బోర్లు ఒకటి తర్వాత ఒకటి ఎండిపోయాక ఆయన నందికొట్కూరు దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీలో పనికి చేరాడు. మొదట ఐసు దిమ్మలు లాగే పని చేసి, చూసి చూసి కంప్రెసర్ నడపడం నేర్చుకుని, ఆపరేటర్ అయ్యాడు. బయట ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల ఉప్పునీళ్ల ట్యాంకులో వరసగా డబ్బాలు మునిగి ఉండేవి, వాటిలో నీళ్లు గడ్డకట్టేవి. ఆ చలినంతా పుట్టించేది అమ్మోనియానే. పైపుల్లో ఉన్నంతసేపు అది మన పని చేస్తుంది. బయటికి వచ్చిందంటే కళ్లను, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

లీకు ఎక్కడుందో కనిపెట్టడానికి అక్కడి వాళ్ల దగ్గర గంధకం పూసిన వత్తి ఉంటుంది. దాన్ని వెలిగించి పైపుల వెంబడి తిప్పితే, లీకున్న చోట తెల్లగా పొగ లేస్తుంది. అందరూ చేసే పనే. మా నాయనకు మాత్రం అది నామోషీ. వాల్వు దగ్గర నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "మూడో పైపు, కింది బోల్టు" అనేవాడు. అక్కడే ఉండేది. బేతంచెర్ల నుంచి కూడా, మా ఐస్ మెషిన్ ఎక్కడో కారుతోంది, ఒకసారి వచ్చి చూసిపొమ్మని పిలిపించేవాళ్లు. "ముక్కుండగా గంధకమెందుకప్పా" అన్నది ఆయన మాట. ఆ మాట ఫ్యాక్టరీలో అందరి నోటా నానిపోయి, కొత్తగా ఎవరైనా వత్తి వెలిగిస్తే "ఏమప్పా, ముక్కు లేదా నీకు" అని నవ్వేవాళ్లు.

ఆయనకు జోడీ ఫిట్టర్ మామ. వాళ్లది నందికొట్కూరులోనే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం. నాయన, ఆయన ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు, అందుకే నాకు మామ అయ్యాడు. బోల్టు బిగించడం, వాల్వుల్లో గ్యాసు కారకుండా కుక్కే ప్యాకింగ్ మార్చడం ఆయన పని. భుజం మీద ఎప్పుడూ గళ్ల తువ్వాలు ఉండేది. నేను మొదటిసారి గాజుపోగు చుట్ట పట్టుకుని ఫ్యాక్టరీకి పోయిన రోజు ఆయన పడీ పడీ నవ్వాడు.

"బావా, నీ ముక్కుకు పోటీ తెచ్చింది సూడు నీ బిడ్డ. ఇంగ నిన్నెవురు పిలుస్తారు?"

"పిలవకుంటే ఏమాయె. నా బిడ్డ మెషిను మోగితే నేను మంచమేసుకోని పండుకుంటా," అన్నాడు నాయన.

ఆయనకు ఎంత సంబరమో. ఓనరును ఒప్పించింది ఆయనే. ఆప్టిక్స్ గురించి నేను చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, "పసుపులో సున్నం కలిపితే ఎర్రగా తిరుగుతాది గదా నాయనా, ఇదీ అట్లాంటిదే, సున్నం బదులు అమ్మోనియా" అన్నాక మాత్రం వెంటనే పట్టుకున్నాడు. ఆ తర్వాత నన్ను పక్కన పెట్టి, వచ్చిన వాళ్లందరికీ ఆయనే వివరించేవాడు. గాజుపోగును కంప్రెసర్ రూము గోడ వెంబడి మేకులు కొట్టి, ఆవరణ దాటించి, ఆఫీసు గదిలో నా పెట్టె దాకా తెచ్చింది ఆయనా మామానే. తీగ ఎక్కడ వంగినా వెలుగు పోతుందని చెప్పానని, దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని నడిచారు ఇద్దరూ.

ఆ ఎండాకాలం నేను కర్నూలు నుంచి వారానికి రెండు మూడు సార్లు బస్సులో పోయేదాన్ని. పద్ధతి ఇలా ఉండేది. నేను ఆఫీసు గదిలో పెట్టె ముందు కూర్చుంటాను. నాయన కంప్రెసర్ రూములో, రంగు పూసిన చోటు దగ్గర నిలబడతాడు. ఇద్దరి మధ్యా ఫోను. రీడింగ్ కాస్త పడగానే అడిగేదాన్ని.

"నాయనా, గాలెట్లుండాది?"

కాసేపు ఆగి చెప్పేవాడు. "ఆ, వచ్చిందిమ్మా. శానా కొంచెం. మామ బిగిస్తాండాడు."

మామ బోల్టు బిగించగానే రీడింగ్ మెల్లగా పైకి వచ్చేది. అలా ఎన్నిసార్లో. ప్రతిసారీ తేదీ, సమయం, పెట్టె చెప్పింది, నాయన చెప్పింది పక్కపక్కనే రాసుకున్నాను. రెండూ సరిపోయేవి. మా గైడుకు పంపిన రిపోర్టులో, అనుభవజ్ఞుడైన ఆపరేటర్ పరిశీలనతో పరికరం ఫలితాలు ఏకీభవించాయి అని గర్వంగా ఒక వాక్యం రాశాను. ఆ ఆపరేటర్ మా నాయన అని రాయలేదు, రాస్తే బాగుండదని.

మా గైడుకు ఒకటే సందేహం ఉండేది. తేమ. గాలిలో తేమ ఎక్కువైనా రంగు కొంచెం తడబడుతుంది, వెలుగు తగ్గుతుంది. "అది అమ్మోనియానా, నీళ్ల ఆవిరా, నీ సెన్సర్‌కు తేడా తెలుస్తుందా?" అని కలిసిన ప్రతిసారీ పొడిచేవాడు. ఐస్ ఫ్యాక్టరీలో తేమకు కొదవేముంది. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అందుకే పోగు పక్కన తేమను నమోదు చేసే చిన్న పరికరం కూడా పెట్టాను గానీ, దాని లెక్కలు తర్వాత తీసి చూసుకోవాల్సిందే. ఆ మాట నా బుర్రలో ఎంత నాటుకుపోయిందంటే, రీడింగ్ పడితే చాలు, ముందు తేమ మీదే అనుమానం వచ్చేది.

ఆ రోజు శుక్రవారం. పరీక్షలు అయిపోయాయి. పెట్టెలో చివరిసారిగా సున్నా పెట్టి, నెల రోజులు దాని మానాన దాన్ని నడవనివ్వాలి. సున్నా పెట్టడమంటే, ఇప్పుడు గాలి శుభ్రంగా ఉంది, ఇక్కడి నుంచి లెక్క మొదలుపెట్టు అని పరికరానికి చెప్పడం. ఆ సున్నా నుంచి వెలుగు ఇంత తగ్గితే గంట మోగుతుంది. మధ్యాహ్నం రెండు గంటల బస్సు అందుకోవాలని నా తొందర. పెట్టె తెరిచేసరికి రీడింగ్ మామూలు కంటే చాలా కింద ఉంది. నాయనకు ఫోను చేశాను.

"నాయనా, ఆడ వాసనేమన్నా వస్తాందా?"

ఈసారి మామూలు కంటే ఎక్కువసేపు ఆగాడు. కంప్రెసర్ మోత వినిపిస్తూనే ఉంది.

"ఏం లేదు పాపా," అన్నాడు. "గాలి నిక్షేపంగా ఉండాది. పొద్దున నేల కడిగినారు. అదేందో తేమ అంటావే, అది ఉంటే ఉంటాది."

నా సాకును నాకే అందించాడు. నేను సంతోషంగా తీసుకున్నాను. తేమే అనుకుని, ఆ కింద పడిన రీడింగ్ దగ్గరే సున్నా పెట్టేశాను. లేచి ఆవరణ దాటి పోయి నా ముక్కుతో నేను ఒకసారి గాలి పీల్చి చూడొచ్చు. ఎండ మండిపోతోంది, బస్సు వెళ్లిపోతుంది. ముప్పై ఏళ్లు అమ్మోనియా మధ్య బతికిన మనిషి లేదంటే ఇంక నేను చూసేదేముంటుంది అనుకున్నాను. పోయొస్తా నాయనా అని ఫోనులోనే చెప్పి బస్టాండుకు పోయాను.

అప్పటికే ఒక వాల్వు దగ్గర ప్యాకింగ్ వదులై గ్యాసు కారుతోంది, ఇంకా కళ్లు మండేంత కాదు. పోగు మీద రంగు చాలావరకు మారిపోయి ఉంది. ఇంక మారడానికి మిగిలింది కొంచెమే కాబట్టి, నేను పెట్టిన సున్నా నుంచి గంట మోగేంత కిందికి వెలుగు పడే వీలే లేదు. నాయన ఆ వాల్వుకు నాలుగు అడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని ప్రెజర్ పుస్తకం రాసుకుంటున్నాడు. ఉన్నట్టుండి ప్యాకింగ్ మొత్తం ఊడిపోయింది. మామ అప్పుడే బయటి నుంచి వస్తూ, తలుపు దగ్గరే పసిగట్టి, తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని లోపలికి దూకాడు. నాయనను లాగి బయట పడేసి, మళ్లీ లోపలికి పోయి వాల్వు మూశాడు. రెండోసారి పోయినప్పుడు అమ్మోనియా చుక్కలు కంట్లో పడ్డాయి.

నా బస్సు ఇంకా కర్నూలు చేరకముందే ఫోను వచ్చింది.

ఆసుపత్రిలో నాయనకు ఆక్సిజన్ పెట్టారు. మామను కళ్ల వార్డుకు తీసుకుపోయారు. వరండాలో అమ్మ నేల మీద కూర్చుని ఉంది. నేను పోయి పక్కన కూలబడ్డాను. ఏడుపు కంటే ముందు నా నోట్లోంచి వచ్చింది ఒకే ప్రశ్న.

"అమ్మా, నాయన వాసన లేదన్నాడే. నేను అడిగితే ఏం లేదన్నాడే."

అమ్మ నా వైపు చూడలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పింది.

"ఆయనకు యాడ తెలుస్తాది మే. వాసన పోయి శానా ఏండ్లాయె."

నాకు అర్థం కాలేదు. అమ్మే చెప్పుకుంటూ పోయింది. ఒకరోజు తను నీళ్లకు పోయి వచ్చేసరికి పొయ్యి మీద పాలు ఇగిరి, గిన్నె మాడి, ఇల్లంతా పొగ. నాయన ఆ పక్క గదిలోనే అటు తిరిగి కూర్చుని రేడియో వింటున్నాడు. ఏందయ్యా అంటే, ఏందే అని ఆయనే అడిగాడు. అప్పుడు బయటపడింది. ఇన్నేళ్లు పీల్చీ పీల్చీ ముక్కు చచ్చిపోయింది. ఎవరికీ చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఫిట్టర్ మామకు మాత్రం తెలుసు. లోపల వాసన వస్తే మామ చేయి భుజం మీది తువ్వాలు మీదికి పోయి, తువ్వాలు ముక్కు దగ్గరికి పోతుంది. నాయన అది చూసి, వచ్చింది అని అందరికీ వినపడేలా చెబుతాడు. ఎక్కడో చెప్పాల్సి వస్తే మామ నిలబడిన చోటు చూసి చెబుతాడు.

"గంధకం వత్తి వాడొచ్చు గదమ్మా."

"ఇన్నేండ్లు వద్దని ఇప్పుడు వాడితే అందురికీ తెలిసిపోదా? శుక్రారం మామ నమాజుకు పోయి, అన్నం తిని వచ్చేవరకు ఆయన ఏ వాల్వూ ముట్టుకునేది లేదు. కూర్చోని పుస్తకం రాసుకునేటోడు. ఈ పొద్దు శుక్రారం గదా," అంది అమ్మ.

అంటే అన్ని వారాలూ నేను కొలుచుకున్నది ఫిట్టర్ మామ ముక్కుతో. ఆ ఒక్కరోజే అడిగింది మా నాయనను.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకు తెలిస్తే నీ పుస్తకంలో రాస్తావని భయపడ్నాడు," అంది.

ఆదివారం నేను ఒక్కదాన్నే ఫ్యాక్టరీకి పోయి పెట్టెలో దాచిన రీడింగులు తీసుకొచ్చుకున్నాను. ఇంట్లో గీతలు గీసి చూశాను. ఒంటి గంట దాటిన కాసేపటికి వెలుగు పడడం మొదలైంది. పక్కనే పెట్టిన తేమ కొలిచే పరికరం గీత మాత్రం ఆ సమయమంతా కదలకుండా ఉంది. అంటే తేమ పెరగలేదు, అది అమ్మోనియానే. నా సెన్సర్ చెప్పాల్సింది చెప్పింది. నాలుగేళ్ల నా పని సరైనదని నాకు రూఢి అయిన రోజు అదే. ఆ కాగితాలు మడిచి సూట్‌కేసు అడుగున పెట్టాను.

మరుసటి వారం విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. ఓనరు, ఆఫీసరు బల్లకు అటువైపు, నేను ఇటువైపు. కంటికి కట్టుతో ఫిట్టర్ మామ గోడ పక్క బెంచీ మీద. కుడికన్ను ఇంక రాదని డాక్టర్లు అప్పటికే చెప్పేశారు. ఆఫీసరు మర్యాదగానే అడిగాడు.

"మీ పరికరం ఎందుకు మోగలేదమ్మా?"

నిజం చెప్పాలంటే, వాసన తెలియని మనిషిని నమ్మి సున్నా పెట్టానని చెప్పాలి. అప్పుడు ముక్కు లేకుండా ఇన్నేళ్లు కంప్రెసర్ నడిపాడని మా నాయన పేరు రిపోర్టులోకి ఎక్కుతుంది. అది తెలిసీ దాచిపెట్టాడని, ఒక కన్ను పోయి కూర్చున్న ఫిట్టర్ మామ పేరు కూడా. ఆక్సిజన్ గొట్టంతో పడుకున్న మనిషికి మిగిలింది ఆ ముక్కు గురించిన పేరొక్కటే. మామ ఉన్న ఒక్క కంటితో నన్నే చూస్తున్నాడు.

"తేమకూ అమ్మోనియాకూ నా సెన్సర్‌కు తేడా తెలియలేదు సార్. దాంతో సున్నా తప్పు చోట పెట్టాను. లోపం నా పరికరానిదే," అన్నాను.

ఆఫీసరు రాసుకున్నాడు. ఓనరు తల పంకించాడు. అయినా ఆడపిల్ల ఆటబొమ్మను నమ్ముకుని కూర్చుంటే ఇంతే అని బయట ఎవరో అన్నది నాకు వినిపించింది. మామ నేల చూస్తూ లేచి వెళ్లిపోయాడు. నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను అన్నాడు మా గైడు. ఆయన ముందు ఆ గీతలు పెట్టి నోరు మూయించాలని ఎంత అనిపించిందో చెప్పలేను. పెట్టలేదు. అంశం మార్చుకుని, వంపు తిరిగిన పోగులో వెలుగు ఎలా నడుస్తుందో కాగితం మీద లెక్కలు కట్టి డాక్టరేట్ తెచ్చుకున్నాను. కడపలో ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది. సెన్సర్ జోలికి మళ్లీ పోలేదు.

నాయన బతికాడు. ఇంటికి వచ్చాడు గానీ, వీధి చివరి దాకా నడిచినా ఆయాసం. పనికి ఇంక పోలేదు. రెండేళ్లు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫ్యాక్టరీ వాళ్లు చూడవచ్చేవాళ్లు. "నీ ముక్కు తప్పు కాదులేప్పా, ఆ మెషిన్ను నమ్మి నువ్వు ఏమరుపాటుగా ఉన్నావు" అని నా ముందే అనేవాళ్లు. ఆయన అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. తల వంచుకుని గోళ్లు చూసుకునేవాడు.

నాకు కోపం ఉండేది. ఉండేది కాదని చెబితే అబద్ధం. నా బిడ్డ తప్పేం లేదని ఒక్క ముక్క అనొచ్చు కదా అని లోపల కుతకుతలాడేదాన్ని. ఆయన పరువు కోసం నేను నా పనిని మట్టిలో తొక్కాను, ఆయనకు అది తెలియను కూడా తెలియదు అని ఉక్రోషం వచ్చేది. అంతలోనే దగ్గు తెర వచ్చి ఆయన ఒళ్లంతా ఊగిపోయేది. వీపు నిమురుతూ ఉంటే ఆ కోపం ఎటు పోయేదో. ఏమైనా సరే, ఆయన గుట్టు నాకు తెలుసని ఆయనకు తెలియనివ్వకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. కూతురి ముందు ఆ సిగ్గు ఆయనకు వద్దు. అమ్మ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. మా ఇంట్లో ఒట్లకు లోటు లేదు.

సెలవులకు ఇంటికి పోయిన ప్రతిసారీ అడిగేవాడు.

"ఆ మెషినేమాయె పాపా?"

"మూలన పడేసినా నాయనా. అది పనికొచ్చేది కాదు."

"బాగానే ఉండె గదా."

"యాడ బాగుండె. నీళ్లకూ గ్యాసుకూ తేడా తెలీని మెషిను."

ఆ పూట అన్నం పెడితే ఆయన రెండు ముద్దలు తిని చేయి కడుక్కునేవాడు. నేను బాగా చెప్పానని, అనుమానం రాలేదని తృప్తిపడేదాన్ని.

ఒకసారి నేనే పట్టుబట్టి ఆయనను కడపకు పిలుచుకొచ్చాను. మూడు రోజులు ఉన్నాడు. రెండో రోజు పొద్దున నేను కాలేజీకి తయారవుతూ, ఒక పక్క పచ్చడికి పల్లీలు వేయిస్తున్నాను. ఆయన వంటింటి గడప పట్టుకుని నిలబడ్డాడు. మనిషి ఏదో కూడగట్టుకుని వచ్చాడని చూడగానే తెలిసింది.

"పాపా, ఆ పొద్దు నువ్వు ఫోన్లో అడిగినావు సూడు…"

"ఎందుకు నాయనా ఇప్పుడు అవన్నీ. మల్లా దగ్గొస్తాది. పోయి కూర్చో," అన్నాను.

"అది గాదుమ్మా, నేను ఏమంటాండానంటే…"

"నాకు టైమైతాంది," అని పల్లీలు గిన్నెలో పోసి మిక్సీ ఆన్ చేశాను. ఆ మోతలో ఆయన పెదవులు ఇంకా కాసేపు కదిలాయి. తర్వాత గోడ పట్టుకుంటూ ముందు గదిలోకి పోయాడు. అవమానం పడకుండా మా నాయనను కాపాడానని అనుకున్నాను. పచ్చడిలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగాను.

ఆ చలికాలం ఆయన పోయాడు. ఊపిరి అందక, అమ్మ చేయి పట్టుకుని, కూర్చున్న కుర్చీలోనే.

కర్మకాండలన్నీ అయిపోయి నేను కడపకు తిరిగొచ్చిన నెలకు ఫిట్టర్ మామ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. దర్గాకు వచ్చానని, అట్లే నిన్ను చూసి పోదామని వచ్చానని అన్నాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఐస్ ఫ్యాక్టరీ పని మానేసి, కొడుకు అంగట్లో కూర్చుంటున్నాడట. టీ ఇచ్చాను. తాగకుండా గ్లాసు చేతిలోనే పెట్టుకున్నాడు.

"మీ నాయన నీకొక మాట చెప్పమన్నాడు పాపా. పోయే ముందు నన్ను పిలిపించుకోని చెప్పినాడు. తను పోయినాక చెప్పమన్నాడు."

"ఏం మాట మామా?"

"నీ మెషిను మంచిదంట. ఆ పొద్దు అది నిజమే చెప్పిందంట, తనే అబద్ధం చెప్పినాడంట. ఆయనకు వాసన తెలీదు పాపా. శానా ఏండ్ల నుంచి తెలీదు. నేను నమాజుకు పోయినా. నువ్వు ఫోన్లో అడిగితే, తెలీదంటే యాడ బయటపడ్తాదో అని లేదనేసినాడు."

ఆయన ఆగి ఆగి చెప్పుకుంటూ పోయాడు.

"విచారణలో నువ్వు తప్పు మెషిన్దే అన్యావు. నేనే పోయి చెప్తి మీ నాయనకు, నీ బిడ్డ తనదే తప్పనుకుంటాండాదని. ఆ దినం నుంచి ఆయన మనిషి కాలేదు. ఊపిరి బాధ గాదు పాపా, ఇదే బాధ. నా బిడ్డ నాలుగేండ్లు కట్టపడి మంచి మెషిను చేసింది, నా మాట నమ్మి అది చెడ్డదనుకోని పారేసింది, అని ఒకటే చెప్పేటోడు. కండ్లు మూస్తే అదే గ్యాపకమంట. నీకు చెప్పల్లని నాలుగుసార్లు సూసినాడంట. నువ్వు మాట మార్చేస్తివంట. కడపకు పోయి చెప్పబోతే మిక్సీ ఏసిందప్పా, నా గొంతు ఆ మోతకు పైన లేవలే, అన్యాడు."

నేను టీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుని కింద పెట్టాను.

"నాకు తెలుసు మామా," అన్నాను.

"ఏం తెలుసు?"

"మెషిను మంచిదని తెలుసు. నాయనకు వాసన తెలీదనీ తెలుసు. అమ్మ ఆసుపత్రిలోనే చెప్పింది. ఆయనకు సిగ్గు కాకూడదని నేనే మెషిన్ మీద వేసినాను."

ఫిట్టర్ మామ నల్లద్దాలు తీసి, తువ్వాలుతో మంచి కన్ను తుడుచుకున్నాడు.

"తెలుసని ఆయనకు చెప్పింటే అయిపోయిండేది గద పాపా," అన్నాడు. "ఆ రెండేండ్లు కంటి నిండా నిద్రపోయిండేటోడు."